మే నెల గడిలో ఆకుపచ్చ

ప్రసూనకు గళ్ళంటే పిచ్చి. గళ్ళ చీరలనుకునేరు, అవి కావు. అడ్డ వరుసా నిలువు వరుసా కలిసేచోట ఒక గడి, ఆ గడిలో ఒక అంకె, అంతే. అట్లాంటివి ఒక నూరు ఒక్కచోట కనిపిస్తే ఆ పిల్లకు అన్నం నీళ్ళు అక్కర్లేదు. ఈ పిచ్చి ఎక్కడ అంటుకుందయ్యా అంటే, తండ్రి దగ్గరే అంటుకుంది. వాళ్ళది తాడిపత్రి. తండ్రి తిమ్మప్ప కొత్త ఇళ్ళల్లో బండలు పరిచే పనివాడు. బడికి పోకముందు నుంచే ఆ పిల్ల నాయన వెనకాల కూచుని, బండ పక్కన బండ వరుసలో పడటం చూస్తూ పెరిగింది.

తిమ్మప్ప పని తీరే వేరు. మిగతావాళ్ళు పరిచేసి, సందులు పూసేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోతారు. ఆయన మాత్రం చెప్పులు విప్పి ఉత్త కాళ్ళతో గదంతా నడిచేవాడు. కాలికి ఎక్కడ ఎగుడు తగిలితే అక్కడ బండ ఎత్తేవాడు. అయితే బండను తిట్టేవాడు కాదు. "ఎగుడొచ్చిందంటే బండ తప్పు గాదమ్మే, కింద మన్ను చూడల్ల" అనేవాడు. ఈ మాట ప్రసూన ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. విని విని విసుగుపుట్టింది కూడా.

డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివి, రెండువేల అయిదులో అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనికి కుదిరింది. ఆ సంస్థ పని నీళ్ళను కొలవడం. నవ్వకండి. మూడేళ్ళకొకసారి కూడా మబ్బు మాట నిలబెట్టుకోని సీమలో నీళ్ళను బంగారంలా కొలుచుకోవాల్సిందే. పందొమ్మిది ఊళ్ళు, ఊరికొక బావి, బావికొక మనిషి. గట్టు మీద నుంచి నీళ్ళ దాకా ఎంత లోతుందో ఆ మనిషి పదిహేను రోజులకొకసారి కొలిచి పుస్తకంలో రాయాలి. నెలనెలా ఆ పుస్తకాలు ఆఫీసుకు వస్తాయి. ఆ అంకెలను కంప్యూటరుకు ఎక్కించి పట్టికలు తీయడం ప్రసూన వంతు.

పట్టికలు తీసే ప్రోగ్రాము పేరు 'ఆర్'. అంతే, ఒక్కటే అక్షరం. హైదరాబాదు నుంచి ఒక శాస్త్రవేత్త సీడీలో తెచ్చి, ఎక్కించి, రెండు రోజులు నేర్పించి వెళ్ళాడు. లెక్కల్లో దానికి తిరుగులేదు. నాలుగేళ్ళ సగటు అడిగితే రెప్పపాటులో ఇస్తుంది. చూపించడంలో మాత్రం వట్టి మొద్దు. తెల్లటి తెర మీద అంకెలను చీమల బారులా వదిలేస్తుంది. వాటిని రిపోర్టులో అతికిస్తే మే నెల అంకె జూన్ కిందికి జరిగేది, జూన్ అంకె ఏ జూలై కిందో తేలేది. డైరెక్టరు విజయభాస్కర్ కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, "ఏమమ్మా, ఇది పట్టికనా, సంత విడిచినాక జనమా?" అనేవాడు.

ప్రసూనకు తల కొట్టేసినట్టయ్యేది. నెల రోజులు ఆ ప్రోగ్రాముతో కుస్తీ పట్టి, చివరికి దారి దాంట్లోనే కనిపెట్టింది. పట్టికను హెచ్‌టీఎంఎల్‌గా రాసిపెట్టే సదుపాయం అందులో ఉంది. హెచ్‌టీఎంఎల్ అంటే ఇంటర్నెట్ పేజీలు రాసే పద్ధతి. వరుసకొక గుర్తు, గడికొక గుర్తు. ఒక గడిలో వేసిన అంకె చచ్చినా పక్క గడిలోకి పోదు. ఇంటర్నెట్ లేకపోయినా ఆ ఫైలు ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది. మొదటి పట్టిక తెర మీద గళ్ళు గళ్ళుగా తెరుచుకున్న రోజు ఆ పిల్ల కాళ్ళు నేల మీద నిలవలేదు. తాడిపత్రికి ఫోను చేసి, "నాయనా, బండలు కుదిరినాయి" అని అరిచింది. "ఎవురింట్లో మ్మే?" అని అడిగాడు తిమ్మప్ప.

ఇక పగ్గాల్లేవు. ఊళ్ళ పేర్లు తెలుగులో ఇస్తే ఆర్ వాటిని వరుసగా ప్రశ్నార్థకాలు చేసి పారేసేది. అందుకని ఊళ్ళకు నంబర్లిచ్చి, పేజీ తయారయ్యాక పందొమ్మిది పేర్లూ తన చేత్తో తెలుగులో కొట్టేది. చదువురాని రైతుకు కూడా తెలియాలని గళ్ళకు రంగులు వేయడం నేర్చింది. నాలుగు మీటర్ల లోపల నీళ్ళందితే ఆకుపచ్చ. ఏడు దాకా పసుపు. ఏడు దాటితే ఎరుపు.

రెండువేల ఆరు ఆగస్టులో, ఒక గురువారం, నాలుగేళ్ళ అంకెలకూ నెలలవారీ సగటు తీసి మొదటిసారి రంగులు వేసి తెరిచింది. పద్ధెనిమిది ఊళ్ళు చెప్పినట్టే ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎరుపు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఆకుపచ్చ. పందొమ్మిదో వరుస గుట్టకిందపల్లె. ఆ ఊరికి మండే మే నెలలో ఆకుపచ్చ! వానలు పడి చెరువులు నిండే డిసెంబరులో ఎరుపు!

ముందు తననే అనుమానించుకుంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆర్‌లో తను రాసిన ప్రతి వరుసా చదివింది. తప్పు లేదు. బీరువాలోంచి గుట్టకిందపల్లె పుస్తకాలు తీసి చూసింది. బయమ్మ అనే ఆవిడ గుండ్రటి అంకెలతో రాసిన కొలతలు అచ్చం అట్లాగే ఉన్నాయి. నాలుగేళ్ళుగా ఇవి నల్ల అంకెలుగా కాగితాల మీద పోతూనే ఉన్నాయి. ఒక్కరూ చూడలేదు. ఏడాదిగా వాటిని కాగితం మీదికి తీస్తున్న ప్రసూనా చూడలేదు.

విజయభాస్కర్ చూసి ఒక్క నిమిషం ఆలోచించలేదు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. ఆయమ్మ ఇంట్లో కూచోని తోచింది రాసిండాది. ఈ వరుస పీకేయ్."

"పీకేస్తే వాళ్ళ ఊరు కమిటీ ముందుకు రాదు గదా సార్?"

"దొంగ లెక్క కమిటీ ముందర పెడితే మిగతా పద్ధెనిమిది ఊళ్ళ లెక్క గూడ నమ్మరు. అది చూసుకో ముందు."

ఆయన మాటా తప్పు కాదు. వచ్చే మంగళవారం ఊటకుంటల కమిటీ వస్తోంది. ఊటకుంట అంటే వాన నీళ్ళను గుట్ట కింద ఆపి, భూమిలోకి ఇంకించి, చుట్టుపక్కల బావుల్లో ఊట పెంచే చిన్న చెరువు. పందొమ్మిది ఊళ్ళలో ఆరింటికి ఇస్తారు. నాలుగేళ్ళ కొలతలు తెగకుండా ఉన్న ఊరికే అడిగే హక్కు. గుట్టకిందపల్లెలో నలభై ఇళ్ళకూ తాగే నీళ్ళు ఆ ఒక్క బావివే. ఎండాకాలం చివరికొచ్చేసరికి ఆడవాళ్ళు రెండు మైళ్ళు నడిచి ఎవరి తోటలోనో బోరు దగ్గర కడవ పట్టుకుని నిలబడాలి. ఈసారి తప్పిపోతే మళ్ళీ కమిటీ ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో.

వరుస పీకేయడం ఎంతసేపు? ఆర్‌లో ఒక చిన్న మాట రాస్తే సరి, పందొమ్మిది పద్ధెనిమిదవుతుంది. ప్రసూన ఆ మాట కొట్టింది కూడా. ఎంటర్ నొక్కబోతుంటే తండ్రి ఉత్త కాళ్ళు గుర్తొచ్చాయి. కాలికి తగిలిన బండను ఆయన ఏనాడూ బయట పారేయలేదు. చిరాకుపడుతూనే ఆ మాట తుడిచేసింది. శనివారం పొద్దున్నే బస్సెక్కి సోమందేపల్లెలో దిగి, అక్కడ్నుంచి ఆటోలో గుట్టకిందపల్లె చేరింది.

బయమ్మకు యాభై అయిదుంటాయి. కూలి పనికి పోతుంది. వయోజన బడిలో కూచున్న ఆరు నెలల్లో అక్షరాలు ఆమెకు నిలవలేదు, అంకెలు మాత్రం నిలిచాయి. ఆ అంకెల పుణ్యమాని బావి కొలిచే పని ఆమెకు దక్కింది. ప్రసూన పోయేసరికి చేటలో కందులు చెరుగుతోంది.

"ఏం పాపా, పుస్తకం పంపిస్తినే! మల్లా నువ్వెందుకొస్తివి?"

తెలివైన పిల్లే గానీ నోరు తిన్నగా ఉండొద్దూ? "పెద్దమ్మా, నువ్వు నిజంగా బావి కొలుస్తాండావా?" అని అడిగేసింది.

చేట దబ్బున కింద పడింది. "ఈ మాట అడిగేదానికి అంత దూరం నుంచి బస్సెక్కి వస్తివా? అమావాస్యకొకతూరి, పున్నానికొకతూరి, నాలుగేండ్లు! చలిజరమొచ్చి మంచం పట్టినప్పుడు గూడ కట్టె పట్టుకోని పోయి కొలిచినా. నేను అబద్ధం రాస్తానా? లెయ్, నీ కండ్లతోనే చూద్దువు!"

ముందు బయమ్మ, వెనక ప్రసూన. నడకలో ఆ పెద్దమనిషిని అందుకోవడం ఆ పిల్ల వల్ల కాలేదు. బావి గట్టు మీద బయమ్మ సంచిలోంచి ఒక తాడు తీసింది. చివర ఇనప గుండు, మీటరుకొక ముడి, అరమీటరుకొక ఎర్ర గుడ్డపేలిక.

"టేపిచ్చినారు గదా పెద్దమ్మా, యాడ అది?"

"పెట్టెలో బద్రంగా ఉండాది. ఇనప టేపు నీళ్ళలో ముంచితే తుప్పు పట్టదా? ఆఫీసోళ్ళ వస్తువ. దాన్ని పక్కన పెట్టుకోని ఈ తాడుకు ముళ్ళేసుకున్నా."

గుండును బావిలోకి వదిలింది. అడుగు తగిలి తాడు వదులయ్యేదాకా వదిలి, మళ్ళీ చేదింది. చేది, గుండు దగ్గర్నుంచి పైకి, తాడు తడిసినంత మేరా ముళ్ళు లెక్కపెట్టింది. "ఒకటి, రెండు, మూడు. రాసుకో. మూడు."

ప్రసూనకు అప్పుడర్థమైంది. ఆఫీసు అడిగింది పొడి తాడు, గట్టు నుంచి నీళ్ళ దాకా. బయమ్మ నాలుగేళ్ళుగా రాస్తున్నది తడి తాడు. నీళ్ళు పెరిగితే పొడి తగ్గుతుంది, తడి పెరుగుతుంది. అందుకే ఆ వరుసలో రంగులన్నీ తిరగబడ్డాయి. అబద్ధం లేదు, సోమరితనం లేదు!

"పెద్దమ్మా, మేము అడిగింది తడి కాదు. పైనుంచి నీళ్ళు తగిలేదాకా ఉండే పొడి."

"అంటే, నీళ్ళు లేని బావిని కొలవమనా?"

"ఊఁ."

బయమ్మ ఆ పిల్లను కిందికీ పైకీ చూసింది. ఎండదెబ్బ గానీ తగిలిందా అన్నట్టు చూసింది. "ఉండే నీళ్ళు కొలుస్తారు గానీ లేని నీళ్ళు ఎవురన్నా కొలుస్తారా పాపా? రేపు కడవెత్తుకోని వచ్చే ఆడోళ్ళకు నీళ్ళెంత ఉండాయో కావల్ల. పొడి తాడేం చేసుకుంటారు, తాగుతారా?"

ప్రసూన చదివిన స్టాటిస్టిక్స్ అంతా ఒక్క మాటకు చిత్తయింది. బావుల సీమలో పుట్టిన ఏ ఆడదైనా అట్లాగే కొలుస్తుంది. ఒక్కపూట శిక్షణ ఇచ్చి, "నీళ్ళ కొలత రాయండి" అని చెప్పి జీపెక్కిన ఆఫీసువాళ్ళకే ఆ సంగతి తట్టలేదు. ఆ పిల్లకు సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "తప్పు మాదే పెద్దమ్మా" అంది. "మాదంటే, నాది గూడ. ఏడాదిగా చూస్తాండా, కానీ చూడలేదు."

అప్పటికి బయమ్మ ముఖం కాస్త వదులయింది.

ఇక లెక్క సులువే. బావి మొత్తం లోతు తెలిస్తే, అందులోంచి తడి తీసేస్తే పొడి వస్తుంది. నాలుగేళ్ళ అంకెలూ ఒక్క తీసివేతతో బతికి బయటపడతాయి. మొదట్లో చేసిన సర్వే కాగితం ప్రసూన సంచిలోనే ఉంది. బావి లోతు పదకొండు మీటర్లు. సరిచూసుకుందామని బయమ్మ పెట్టెలోని టేపు తెప్పించి నీళ్ళ దాకా వదిలింది. పొడి తొమ్మిది. తడి మూడు. మొత్తం పన్నెండు.

పదకొండుండాల్సిన చోట పన్నెండు! మళ్ళీ కొలిచింది, మళ్ళీ పన్నెండే. ఒక మీటరు ఎక్కడ్నుంచి ఊడిపడింది? ఈ ఒక్క మీటరును పట్టుకుని కమిటీవాళ్ళు లెక్కంతా తప్పంటారు. ఏడుపొక్కటే తక్కువగా గట్టు మీద చతికిలపడింది. కింద మన్ను చూడల్ల, అంటాడు నాయన. కింద మన్ను. ఉలిక్కిపడి లేచింది.

"పెద్దమ్మా, ఈ బావి అడుగున ఏమన్నా పని జరిగిందా?"

"జరగకేం? పూడిక తీస్తిమి గదా. ఊరంతా దిగి నాలుగు దినాలు తట్టలెత్తితిమి. ఎలక్షన్లయిన ఎండాకాలం."

రెండువేల నాలుగు మే. ప్రసూన ఆ ఏడాది పుస్తకం ఇట్టే తీసింది. మే మొదట్లో ఒకటిన్నర. ఆఖర్లో రెండున్నర. ఆ నెల వాన సున్నా. సరిగ్గా ఒక మీటరు! బయమ్మ తాడు, తీసిన మన్నును కూడా కొలిచిపెట్టింది. ఇంట్లో కూచుని రాసే మనిషికి ఆ మీటరు యాడ దొరుకుతుంది? ప్రసూన ఆమె రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పేసింది. "వదుల్ పాపా, బావిలో పడేస్తావు!" అని కేకలేసింది బయమ్మ.

మంగళవారం కమిటీ వచ్చింది. గోడకు తెల్లగుడ్డ కట్టి ప్రొజెక్టరు పెట్టారు. సమావేశం మొదలవుతుండగా బయమ్మ, ఎవరూ పిలవకుండానే, తాడును సిమెంటు సంచిలో వేసుకుని వచ్చి వెనక వరుసలో కూచుంది. ప్రసూన ఏమీ దాచలేదు. తిరగబడ్డ రంగులతో ఉన్న పాత పట్టికే ముందు తెరిచింది. పొరపాటు ఎవరిదో, ఎట్లా జరిగిందో చెప్పింది. తర్వాత సరిచేసిన పేజీ తెరిచింది. పూడికకు ముందు పదకొండులోంచి, తర్వాత పన్నెండులోంచి తడి తీసేసిన వరుస అది. పందొమ్మిదో వరుస మిగతా పద్ధెనిమిదితో చక్కగా కలిసిపోయింది. మే ఎరుపు, డిసెంబరు ఆకుపచ్చ.

కమిటీలో సుంకప్ప అనే ముసలి ఇంజనీరు ఉన్నాడు. ఎవరినీ తేలిగ్గా వదిలే రకం కాదు. పుస్తకం తిరగేసి, సరిగ్గా పూడిక తీసిన మే నెల పేజీ దగ్గరే వేలు పెట్టి వెనక బయమ్మ వైపు తిరిగాడు. "ఏమమ్మా, మే నెలలో చినుకు లేదు. నీ తాడు మాత్రం మీటరు ఎక్కువ తడిసింది. నీళ్ళు యాడినుంచి వచ్చినాయి?"

బయమ్మ లేచి నిలబడింది. "నీళ్ళు పైకి రాలేదు సార్. బావే కిందికి పాయ. మేమే తవ్వితిమి. నేను తడిసింది తడిసినట్టు రాసినా."

సుంకప్ప పెదవుల మీద చిన్న నవ్వు మెదిలింది. "నలభై ఏండ్ల సర్వీసులో ఇట్లా రాసిన పుస్తకం చూళ్ళేదు" అన్నాడు. సాయంత్రానికి ఆరు ఊళ్ళ పేర్లు చదివారు. గుట్టకిందపల్లె నాలుగోది. విజయభాస్కర్ క్షమాపణలు చెప్పే మనిషి కాదు. తనే లేచి బయమ్మకు టీ గ్లాసు తెచ్చిచ్చాడు. "పీకేయమన్నా. నా మాట వినకపోయినావు, మంచిదయింది" అన్నాడు ప్రసూనతో. ఆయన దగ్గర అదే గొప్ప.

ఆ తర్వాత ప్రసూన పట్టికనే మార్చేసింది. బయమ్మ ఎప్పట్లాగే తడి కొలిచి పంపేది. శాస్త్రవేత్తలకు పంపేది పొడి లెక్కే. ఊళ్ళకు తీసుకుపోయే పేజీలో మాత్రం బావిలో నిలిచిన నీళ్ళు ఎన్ని మీటర్లో వేసేది. ఎక్కువుంటే ఆకుపచ్చ, తక్కువైతే ఎరుపు. ఊళ్ళలో కంప్యూటరు పెట్టి చూపిస్తే, జనం తమ బావి వరుస తామే వెతుక్కునేవాళ్ళు. ఇంతకుముందు ఆవలిస్తూ కూచున్నవాళ్ళే ఇప్పుడు తెర ముందర తోసుకునేవాళ్ళు. లేని నీళ్ళు ఎవరిక్కావాలి చెప్పండి?

మరుసటి ఎండాకాలానికి ఊటకుంట తయారైంది. ఆ ఏడు దేవుడి దయ, వానలు దండిగా పడ్డాయి. కుంట నిండి, కట్ట కింద నేలంతా చెమ్మపట్టింది.

రెండువేల ఎనిమిది మే నెలాఖరు. ప్రసూన ఊళ్ళకు తీసుకుపోయే పట్టిక తీసి తెరిచింది. పందొమ్మిదో వరుసలో మే నెల గడి ఆకుపచ్చగా ఉంది. ఆ పిల్లకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎందుకు పోవు? రెండేళ్ళ కిందట తప్పు బయటపడిందే ఆ ఊరి మే నెల ఆకుపచ్చతో. విజయభాస్కర్ భుజం మీంచి తొంగిచూసి, "ఆయమ్మ ఈసారి పొడి కొలిచి పంపినట్టుండాది. మనమే గదా నేర్పిస్తిమి" అన్నాడు. పొడి అంకె తడి గడిలో పడితే ఎండిన బావి కూడా ఆకుపచ్చగానే కనిపిస్తుంది. కాదనడానికి ప్రసూన దగ్గర ఆధారం లేదు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ అదే బస్సు, అదే ఆటో.

బయమ్మ బావి దగ్గరే ఎదురైంది. నెత్తిన కడవ, చంకన బిందె. ప్రసూన ముఖం చూడగానే సంగతి కనిపెట్టేసింది.

"మల్లా అనుమానమొచ్చెనా?"

ప్రసూన తలొంచుకుంది. బయమ్మ తిట్టలేదు. కడవ దించి, సంచిలోంచి తాడు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. "ఈ పొద్దు నువ్వే వదులు."

ప్రసూన గుండు వదిలింది. ఎక్కువసేపు పట్టలేదు, నీళ్ళ చప్పుడు దగ్గర్లోనే వినిపించింది. అడుగు తగిలేదాకా వదిలి చేదింది. తడి తాడు వచ్చింది, ఇంకా వచ్చింది, చేతులు తడిసి మోచేతుల మీదుగా కారి ముందు కొంగంతా తడిసిపోయింది. నడి ఎండలో, మే నెలలో, గుట్టకిందపల్లెలో! ముళ్ళు లెక్కపెట్టబోయి కళ్ళలో నీళ్ళడ్డమొచ్చి, నాలుగు దగ్గర తప్పి మళ్ళీ మొదలుపెట్టింది. ఎనిమిది.

"పొడి తాడు కొలిచి పంపిచ్చినా అనుకుంటివా?" అంది బయమ్మ నవ్వుతూ. "కొలిచేదానికి పొడి తాడు యాడ మిగిలింది పాపా?"

కడవ ఎత్తమని పిలిస్తే ప్రసూన కళ్ళు తుడుచుకుని వెళ్ళి ఎత్తిపెట్టింది. సోమవారం ఆఫీసుకు పోయి ఆ పేజీ తెరిచింది. మే నెల గడి ఆకుపచ్చగా అట్లాగే ఉండనిచ్చి, అచ్చుకిచ్చింది.